రాణుల ప్రేమకథలు, రాజుల దస్తావేజులు: మధ్యయుగ ఇంగ్లండ్ నవలల చుట్టూ అపోహలు - వాస్తవాలు

మధ్యయుగ ఇంగ్లండ్ రాజవంశాల మీద వచ్చే నవలలు అచ్చుకు వెళ్లేముందు వాటి రాతప్రతులు నా బల్ల మీదికి వస్తాయి. తేదీలు, వయసులు, పదవులు, బంధుత్వాలు, ఎవరు ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నారన్న లెక్కలు సరిచూడటం నా ఉద్యోగం. పన్నెండేళ్లుగా ఇదే పని. నేను తప్పు పట్టినప్పుడల్లా దాదాపు ఒకే జవాబు వస్తుంది: "ఇది పాఠ్యపుస్తకం కాదండీ, ప్రేమకథ." చరిత్రకు కట్టుబడితే ప్రేమ ఎండిపోతుందన్న భయం ఆ జవాబు వెనక ఉంది. ఇన్నేళ్ల పనిలో నాకు కనబడింది వేరు. తరచుగా వినే కొన్ని మాటలు తీసుకుని చెబుతాను.

అపోహ: ఉన్నది ఉన్నట్టు రాస్తే ప్రేమకథ చప్పబడిపోతుంది.

జాన్ ఆఫ్ గాంట్, కాథరిన్ స్విన్‌ఫర్డ్‌ల కథనే తీసుకోండి. జాన్ మూడవ ఎడ్వర్డ్ కొడుకు, లాంకాస్టర్ డ్యూక్, దేశంలోని మహా సంపన్నుల్లో ఒకడు. కాథరిన్ ఆయన కొలువులోని ఒక నైట్ (బిరుదు పొందిన అశ్వవీరుడు) భార్య, ఆయన కూతుళ్ల ఆలనాపాలనా చూసిన మనిషి. జాన్ మొదటి భార్య బ్లాంచ్ 1368లో చనిపోయింది. 1371లో కాథరిన్ భర్త పోయాడు. అదే ఏడాది జాన్ స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యపు రాజకుమారి కాన్‌స్టాన్స్‌ను పెళ్లాడాడు, ఆ సింహాసనం మీద హక్కు కోసం. కాథరిన్‌తో బంధం మాత్రం సాగింది. వాళ్లకు నలుగురు పిల్లలు. 1381 రైతుల తిరుగుబాటులో లండన్‌లోని ఆయన సావోయ్ భవనం తగలబడింది. ఆ తర్వాత ఆయన ఆమెతో సంబంధం తెంచుకుంటున్నట్టు బహిరంగంగా ప్రకటించాడు.

కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు. కాన్‌స్టాన్స్ చనిపోయాక, 1396 జనవరిలో, లింకన్‌లో జాన్ కాథరిన్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆయనకు 55 ఏళ్లు, ఆమెకు 45 దాటి ఉంటాయి. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. ఈ పెళ్లితో ఆయనకు ఒక్క ఎకరం కలిసిరాలేదు, ఒక్క కూటమి దక్కలేదు. రాజు రెండవ రిచర్డ్ పెళ్లి జరిగే వరకు కొన్ని నెలలపాటు దేశంలోని ఆడవాళ్లలో మొదటి స్థానం ఆమెదే అయింది. ఆమె ఉన్నచోట అడుగుపెట్టబోమని గొప్పింటి ఆడవాళ్లు అన్నట్టు ఆనాటి చరిత్రకారుడు ఫ్రాసార్ రాశాడు.

ఈ కథ మీద వచ్చిన ఒక రాతప్రతిలో పాతికేళ్లను రెండేళ్లకు కుదించారు. ఇద్దరూ పడుచువాళ్లు, చంపేవాళ్లు తరుముతుంటారు, చివర్లో పెళ్లి. నేను ఆ రచయితకు మూడు పేజీల ఉత్తరం రాశాను. పాతికేళ్లు తీసేస్తే మిగిలేది ఆకర్షణ ఒక్కటే. అందరి ముందూ వదిలేసిన మనిషిని పదిహేనేళ్ల తర్వాత అందరి ముందూ చేయి పట్టుకున్నాడు కాబట్టే అది ప్రేమకథ. ఆ పిల్లలను పోప్, ఆ తర్వాత 1397లో పార్లమెంటు సక్రమ సంతానంగా గుర్తించారు. 1407లో నాలుగవ హెన్రీ ఆ ఉత్తర్వుకు "సింహాసనం మినహా" అన్న మాట చేర్పించాడు. ఆ మాట ఉన్నా 1485లో గద్దెనెక్కిన ఏడవ హెన్రీ తల్లి వైపు నుంచి ఈ వంశంవాడే.

అపోహ: ఒకటి రెండేళ్లు అటూ ఇటూ అయితే కొంపలేం మునగవు.

కొన్నిసార్లు మునగవు. యుద్ధాన్ని మంగళవారం నుంచి గురువారానికి మార్చితే నేను గొడవ చేయను. కానీ ఫ్రాన్స్ రాకుమారి ఇసబెల్లాకు, స్కాట్ వీరుడు విలియం వాలెస్‌కు ముడిపెట్టే కథ ఉంది చూశారా, ఇప్పటికీ నాకు వచ్చే ప్రతుల్లో దాని నీడ పడుతూనే ఉంటుంది. వాలెస్‌ను లండన్‌లో చంపింది 1305 ఆగస్టు 23న. అప్పటికి ఇసబెల్లా ఫ్రాన్స్‌లో పదేళ్ల పిల్ల. 1308లో పెళ్లయ్యాకే ఇంగ్లండ్‌లో కాలు పెట్టింది. కొడుకు మూడవ ఎడ్వర్డ్ పుట్టింది 1312లో. పదేళ్ల పిల్లను నాయికను చేయడమే ఘోరం. పైగా ఆమె అసలు కథ దీనితో మరుగున పడిపోతుంది. 1326లో ఆమె రోజర్ మోర్టిమర్‌తో కలిసి సైన్యంతో వచ్చి, కట్టుకున్న రాజునే గద్దె దించింది. నాలుగేళ్లకు సొంత కొడుకే మోర్టిమర్‌ను ఉరితీయించాడు. దీనికి మించిన మలుపు ఎవరు కల్పించగలరు?

రెండవ హెన్రీ ప్రియురాలు రోజామండ్ క్లిఫర్డ్‌ది మరో ఉదాహరణ. వుడ్‌స్టాక్‌లో చిక్కుదారుల తోట, రాణి ఎలినార్ ఒక చేత్తో బాకు, ఒక చేత్తో విషపాత్ర పట్టుకుని వచ్చి ఏదో ఒకటి తీసుకోమనడం, ఇవన్నీ తర్వాతి శతాబ్దాల్లో అల్లినవి. రోజామండ్ 1176 ప్రాంతంలో చనిపోయేనాటికి ఎలినార్ కొడుకుల తిరుగుబాటుకు అండగా నిలిచినందుకు భర్త చెరలో ఉంది. 1189లో భర్త పోయాకే బయటపడింది. హత్యకు వెళ్లే వీలే లేదు. దానికి బదులు ఇది చూడండి: 1191లో లింకన్ బిషప్ హ్యూ గాడ్‌స్టో సన్యాసినుల మఠానికి వెళ్లాడు. బలిపీఠం ముందు పట్టువస్త్రం కప్పి, దీపాలు పెట్టిన ఒక సమాధి కనబడింది. ఎవరిదని అడిగితే రోజామండ్‌దని చెప్పారు. దాన్ని చర్చి బయటికి మార్పించాడు. ఆ పట్టువస్త్రం, ఆ దీపాలు చాలు నాకు. విషపాత్ర అక్కర్లేదు.

అపోహ: రాజకుటుంబాల్లో ఎవరికీ ఇష్టపడి పెళ్లి చేసుకునే వీలు లేదు.

చర్చి చట్టం ప్రకారం ఇద్దరూ "నిన్ను భర్తగా స్వీకరిస్తున్నాను, నిన్ను భార్యగా స్వీకరిస్తున్నాను" అనుకుంటే పెళ్లి అయిపోయినట్టే. పురోహితుడు, సాక్షులు లేకపోతే తప్పే కానీ పెళ్లి చెల్లేది. ఈ చిన్న సందులోంచి ఎన్ని కథలు నడిచాయో! మొదటి ఎడ్వర్డ్ మనవరాలు జోన్ ఆఫ్ కెంట్ 1340 ప్రాంతంలో థామస్ హాలండ్ అనే నైట్‌ను రహస్యంగా పెళ్లాడింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు ఉంటాయేమో. అతను దేశాంతరం వెళ్లగా పెద్దవాళ్లు ఆమెను సాలిస్‌బరీ ఎర్ల్ కుమారుడికి కట్టబెట్టారు. హాలండ్ తిరిగొచ్చి పోప్ కోర్టులో దావా వేశాడు. 1349లో అతనే గెలిచాడు. అతను పోయాక 1361లో ఆమె యువరాజు ఎడ్వర్డ్‌ను, అంటే బ్లాక్ ప్రిన్స్‌ను పెళ్లాడింది. రెండవ రిచర్డ్‌కు తల్లి ఆమే.

దీనికి పోప్ ప్రత్యేక అనుమతి ఎందుకు కావలసి వచ్చిందో మన పాఠకులకు వరసల్లో చెబితే ఇట్టే తెలుస్తుంది. జోన్ తండ్రి, యువరాజు తాత ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. అంటే జోన్ ఆ యువరాజుకు మేనత్త వరస. మన ఇళ్లలోనూ కుదరని సంబంధం. కానీ చర్చి లెక్క మనకన్నా చాలా దూరం పోయింది. 1215 తర్వాత కూడా, ఇద్దరికీ తాతకు తాత ఒక్కరే అయినా పెళ్లి నిషిద్ధం. మేనరికాలు చూస్తూ పెరిగిన మనకు ఇది వింతగా ఉంటుంది. యూరప్ రాజవంశాలన్నీ ఒకరికొకరు చుట్టాలే కాబట్టి, నవలలో ప్రతి రాజవివాహం వెనుకా ఒక పోప్ అనుమతి పత్రం ఉందా అని నేను వెతుకుతాను. ఇష్టం చచ్చినప్పుడు బయటికి తీసే ఆయుధం కూడా ఆ చుట్టరికమే. రోజామండ్ కథలోని రాణి ఎలినార్‌కు, ఆమె మొదటి భర్త అయిన ఫ్రాన్స్ రాజు ఏడవ లూయీకి జరిగిన పెళ్లి 1152 మార్చిలో ఆ కారణంతోనే రద్దయింది. ఎనిమిది వారాలకు ఆమె, తర్వాత రెండవ హెన్రీ అయిన హెన్రీని చేసుకుంది. అతనూ దగ్గరి చుట్టమే.

అపోహ: ఆస్తి గొడవలు రాస్తే ప్రేమ తగ్గిపోతుంది.

మూడవ రిచర్డ్, ఆన్ నెవిల్‌ల మీద నేను చూసినన్ని రాతప్రతులు ఇంకెవరి మీదా చూడలేదు. చాలావాటిలో మిడిల్‌హామ్ కోటలో చిన్ననాటి స్నేహం, పూలు, వెన్నెల. చిన్నప్పుడు ఒకరినొకరు ఎరుగుదురన్నది నిజమే, రిచర్డ్ ఆమె తండ్రి వార్విక్ ఎర్ల్ ఇంట పెరిగాడు. ఆన్‌ను ఆమె అక్క భర్త, రిచర్డ్‌కు అన్న అయిన క్లారెన్స్ లండన్‌లో వంటమనిషి వేషంలో దాచాడని, రిచర్డ్ వెతికి పట్టుకున్నాడని క్రౌలాండ్ మఠ వృత్తాంతం చెబుతుంది. ఇంతవరకు ప్రతి రచయితా రాస్తారు. దాచింది ఎందుకో రాయడానికి మాత్రం చేయి రాదు. అక్కాచెల్లెళ్లిద్దరికీ రావలసిన వార్విక్ భూములు మొత్తం తనకే దక్కాలని క్లారెన్స్ ఆశ.

చివరికి ఆ భూములను ఇద్దరు అల్లుళ్లూ పంచుకున్నారు. అడ్డం ఒక్కటే: అందులో చాలా భాగం ఆన్ తల్లి ఆస్తి, ఆ తల్లి బతికే ఉంది. 1474లో పార్లమెంటు చేసిన చట్టం చదివిన రోజు నాకు బాగా గుర్తు. ఆ తల్లి, అంటే వార్విక్ కౌంటెస్ (ఎర్ల్ భార్య), "సహజంగా మరణించినట్టే" భావించి ఆస్తి పంచాలని అందులో ఉంది. ఇంకో నిబంధన: రిచర్డ్, ఆన్‌ల పెళ్లి ఒకవేళ రద్దయినా, అతను మళ్లీ పెళ్లి చేసుకోనంత కాలం ఆమె భూములు అతనివే. వెన్నెల రాసిన చేతితో దీన్నీ రాయండి. ఆన్ ఆ నిబంధన విన్నదా? విని భర్త ముఖంలోకి ఎలా చూసింది? తల్లిని అప్పటికే ఉత్తరాదికి, అల్లుడి సంరక్షణలోకి తెచ్చారు. చట్టం లెక్కలో చనిపోయిన తల్లిని కూతురు ఏమని పలకరించింది? ఇంత గొప్ప సన్నివేశాలను చరిత్ర చేతికి అందిస్తుంటే వదిలేసి పూలతోటల్లో తిరగడం నాకు బాధగా ఉంటుంది. ఆ కౌంటెస్ ఇద్దరు కూతుళ్లకన్నా, ఇద్దరు అల్లుళ్లకన్నా ఎక్కువ కాలం బతికి 1492లో పోయింది.

ఇక రిచర్డ్ గూని, ఎండిపోయిన చెయ్యి. 2012లో లెస్టర్‌లో కారు పార్కింగ్ స్థలం కింద దొరికిన అస్థిపంజరానికి వెన్ను పక్కకు వంగి ఉంది. చెయ్యి ఎండిపోలేదు. అతన్ని రాక్షసుణ్ణి చేసినా, మచ్చలేని ప్రియుణ్ణి చేసినా నేను ఒకే ఎర్రగీత గీస్తాను.

అపోహ: అప్పట్లో అందరూ పన్నెండేళ్లకే కాపురానికి వెళ్లేవాళ్లు, కాబట్టి అది మామూలే.

చట్టం ఆడపిల్లకు 12, మగపిల్లవాడికి 14 అంది. సామాన్యులు అంతకన్నా చాలా ఆలస్యంగా పెళ్లాడేవారు. గొప్పింటివాళ్లు కూడా పెళ్లి ముందు జరిపినా కాపురానికి ఆగడమే మర్యాద అనుకునేవారు. ఏడవ హెన్రీ తల్లి మార్గరెట్ బ్యూఫోర్ట్ విషయంలో ఆగలేదు. 12 ఏళ్లకు పెళ్లి, 13 ఏళ్లకు, 1457 జనవరిలో, పెంబ్రోక్ కోటలో ప్రసవం. భర్త అప్పటికే ప్లేగుతో పోయాడు. ఆమెకు మళ్లీ పిల్లలు పుట్టలేదు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత తన మనవరాలిని చిన్న వయసులో స్కాట్లండ్ పంపే మాట వచ్చినప్పుడు, అక్కడి రాజు ఆగడని, పిల్ల ఆరోగ్యం చెడుతుందని రాణితో కలిసి అడ్డుపడింది. ఈ సంగతి తెలిసిన రచయిత ఆ మొదటి రాత్రిని శృంగార ఘట్టంగా రాయలేరు. రాసిన ప్రతి వస్తే ఆ భాగం తీసేయమంటాను. ఆ విషయంలో రాజీ పడను.

చిన్నచిన్నవి కొన్ని ఒక్కచోటే చెప్పేస్తాను. శీలరక్షణ ఇనుప పట్టీలు మధ్యయుగపు ఆడవాళ్లు వేసుకున్నారనడానికి ఆధారం లేదు, ప్రదర్శనశాలల్లో ఉన్నవి చాలావరకు 18, 19 శతాబ్దాల్లో చేసినవి. కొత్త పెళ్లికూతురి మీద ప్రభువుకు మొదటి రాత్రి హక్కు ఇంగ్లండ్‌లో లేదు. బంగాళాదుంప, టమాటా విందులో పెట్టకండి, అవి అమెరికా ఖండం నుంచి తర్వాత వచ్చాయి. రెండవ హెన్రీ నోట ఇంగ్లీషు ప్రేమకవిత్వం పెట్టకండి, ఆ ఆస్థానం మాట్లాడింది ఫ్రెంచి.

అపోహ: ప్రేమ నిజమైతే మనిషీ మంచివాడే అయి ఉండాలి.

ఇది రచయితలు పైకి అనరు, రాతలో కనబడుతుంది. మొదటి ఎడ్వర్డ్ భార్య ఎలినార్ ఆఫ్ కాస్టీల్ 1290 నవంబరు 28న లింకన్ దగ్గరి హార్బీ అనే పల్లెలో చనిపోయింది. ఆమె పార్థివదేహం లింకన్ నుంచి వెస్ట్‌మినిస్టర్ వచ్చేదాకా ఆగిన చోటల్లా రాజు ఒక రాతి శిలువ కట్టించాడు. మొత్తం పన్నెండు, మూడు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. బతికుండగా ప్రేమించాం, పోయాక కూడా ప్రేమించకుండా ఉండలేకపోతున్నాం అని క్లూనీ మఠాధిపతికి రాశాడు. ఆ దుఃఖం నిజం. అదే ఎలినార్ యూదు వడ్డీవ్యాపారులకు జనం బాకీపడిన పత్రాలను చేజిక్కించుకుని భూములు రాబట్టుకుందనీ నిజం. ఆ తీరు మీద సాక్షాత్తు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పే ఆమెను మందలించాడు. ఆమె పోయిన ఏడాదే ఆ రాజు యూదులందరినీ ఇంగ్లండ్ నుంచి వెళ్లగొట్టాడు. రెండూ ఒకే పుస్తకంలో పట్టాలి. భర్తకు తగిలిన విషాన్ని ఆమె నోటితో పీల్చి తీసిందన్న కథ మాత్రం తర్వాత పుట్టిందే.

అపోహ: చివర "రచయిత మాట" పెడితే అన్ని మార్పులూ చెల్లిపోతాయి.

రెండు పేజీల వివరణ ఉండటం మంచిదే. కానీ నాలుగు వందల పేజీలు హంతకురాలిగా చూపించిన మనిషిని చివర్లో ఒక్క వాక్యంతో నిర్దోషిని చేయలేం, పాఠకుల మనసులో నిలిచేది ఆ నాలుగు వందల పేజీలే. కల్పనకు నేను అడ్డం కాదు. 1396 జనవరిలో లింకన్‌లో జాన్, కాథరిన్ ఏం మాట్లాడుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. అక్కడ రచయితదే రాజ్యం. రాసిపెట్టి ఉన్నదాన్ని చెరిపినప్పుడే నా పేచీ.

కొత్త రచయితలు సలహా అడిగితే, రాజకుటుంబాన్ని కాసేపు పక్కనపెట్టి నార్‌ఫోక్‌కు చెందిన ఒక అమ్మాయి ఉత్తరం చదవమంటాను. పేరు మార్జరీ బ్రూస్. 1477 ఫిబ్రవరిలో గుమస్తా చేత రాయించి జాన్ పాస్టన్‌కు పంపింది. "నా ప్రియాతిప్రియమైన వాలెంటైన్" అని మొదలుపెట్టి, కాసేపటికే కట్నం మాటకు వస్తుంది. అమ్మ నాన్నను ఎంత బతిమాలినా మీకు తెలిసిన మొత్తానికి మించి ఇవ్వనంటున్నారు, నాకెంతో దుఃఖంగా ఉంది అంటుంది. మీరు నన్ను ప్రేమిస్తే, ప్రేమిస్తున్నారనే నా నమ్మకం, ఆ కారణంగా నన్ను వదలరు అంటుంది. మీ ఆస్తిలో సగం లేకపోయినా నేను మిమ్మల్ని వదలను అంటుంది. ఈ ఉత్తరం మీరు తప్ప మరో ప్రాణి చూడకూడదని వేడుకుంటుంది. బ్రిటిష్ లైబ్రరీలో ఉంది ఆ కాగితం. వాళ్లిద్దరికీ ఆ ఏడాదే పెళ్లయింది.