స్కాన్ చేయించాక నెగెటివ్‌లను పారేయవచ్చా? అపోహలు - వాస్తవాలు

పాత నెగెటివ్‌లను శుభ్రం చేసి స్కాన్ చేయడం నా వృత్తి. పని పూర్తయి ఫైళ్లు చేతికి అందగానే చాలామంది అడిగేది ఒక్కటే: "ఇక ఈ నెగెటివ్‌లు పారేయవచ్చు కదా?" దయచేసి పారేయకండి.

అపోహ: స్కాన్ ఉంటే నెగెటివ్‌తో పని లేదు.

వాస్తవం: స్కాన్ అంటే ఆనాటి యంత్రం చూడగలిగినంత మేరకు తీసిన నకలు. ఇరవై ఏళ్ల కిందట చిన్న జేపెగ్ ఫైళ్లుగా మార్పించిన పెళ్లి ఫొటోలను ఇప్పుడు పెద్దవిగా ముద్రించాలంటే, నెగెటివ్‌లు దాచుకున్నవారికి మరింత వివరంగా మళ్లీ స్కాన్ చేసి ఇవ్వగలుగుతున్నాను. పారేసినవారికి ఆ చిన్న ఫైలే దిక్కు. నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 19వ శతాబ్దంలో తీసిన గాజు పలకల నెగెటివ్‌లు నేటికీ ఉన్నాయి. వాటిలోని బొమ్మను చూడడానికి వెలుతురు ఉంటే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

అపోహ: ఫిల్మ్ దానంతటదే వందేళ్లు నిలుస్తుంది.

వాస్తవం: అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ వేడికీ తేమకూ విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. డబ్బా మూత తీయగానే గుప్పుమనే వెనిగర్ వాసన దానిదే. ఆ ఆమ్లమే క్షయాన్ని ఇంకా వేగవంతం చేసి, పక్కనున్న ఫిల్మ్‌కూ సోకుతుంది. 21 డిగ్రీల ఉష్ణోగ్రత, 50 శాతం తేమ ఉన్నచోట కొత్త ఫిల్మ్ ఈ దశకు చేరడానికి సుమారు 40 ఏళ్లు పడుతుందని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. మన కోస్తా ఉక్కపోతలో అంత వ్యవధి ఉండదు. పైగా బూజు ఫిల్మ్ మీది జెలటిన్ పొరను తినేస్తుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ వెండితో ఏర్పడుతుంది కనుక, సరిగా కడిగి ఉంటే అది గట్టిది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు మాత్రం చీకట్లో ఉంచినా మెల్లగా వెలిసిపోతాయి. వాసన వచ్చే ఫిల్మ్‌ను వెంటనే వేరు చేసి, అన్నింటికన్నా ముందు స్కాన్ చేయించండి. పీవీసీ కవర్లు తీసేసి, ఆమ్లం లేని కాగితపు కవర్లలో పెట్టండి.

అపోహ: హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించి బీరువాలో దాస్తే భద్రం.

వాస్తవం: ఒక కుటుంబం ఎనిమిదేళ్లు తాకకుండా దాచిన డిస్క్ నా దగ్గరికి వచ్చేసరికి తిరగడమే మానేసింది. ట్రంకు పెట్టెలో నెగెటివ్‌లు ఉండబట్టి ఆ ఫొటోలు దక్కాయి. ఎస్‌ఎస్‌డీలు, పెన్ డ్రైవ్‌లు సమాచారాన్ని విద్యుదావేశంగా దాస్తాయి కనుక, ఏళ్ల తరబడి కరెంటు అందకపోతే అది కారిపోవచ్చు. ఫిల్మ్ పాడవుతూ వాసనతో, రంగుతో హెచ్చరిస్తుంది. ఫైలు అలా చెప్పదు. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్రలాంటి సంకేతం) రాసి పెట్టుకొని, ఏడాదికోసారి సరిపోల్చుకుంటే ఒక్క బిట్ మారినా తెలుస్తుంది.

అపోహ: జేపెగ్ ఫైలు తెరిచినప్పుడల్లా నాణ్యత తగ్గుతుంది.

వాస్తవం: తెరిచి చూస్తే ఏమీ కాదు. మార్పులు చేసి మళ్లీ జేపెగ్‌గానే సేవ్ చేస్తే కొంత వివరం పోతుంది. అసలు స్కాన్‌ను వివరం పోకుండా దాచే టిఫ్ ఫైలుగా ఉంచుకొని, బంధువులకు పంపడానికి దాని నకలు వాడండి.