గొంతు ఎవరిది, అడగాల్సింది ఎవరిని?

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎన్నడూ పాడని పాటలు ఆయన గొంతుతో మళ్లీ ఫోన్లలో చక్కర్లు కొడుతున్నాయి. నిన్నమొన్న వచ్చిన పాటను బాలు పాడి ఉంటే ఎలా ఉండేదో ఏఐ చేసి వినిపించే క్లిప్పులివి. విన్నవాళ్లలో సగం మందికి ఒళ్లు పులకరిస్తోంది. మిగతా సగం మంది, పోయినవాళ్లనైనా వదలరా అని తిట్టిపోస్తున్నారు. చెన్నై తెలుగువాళ్లకు ఈ గొడవ ఇంకాస్త దగ్గరది. నుంగంబాక్కంలో ఆయన ఇల్లున్న కామ్‌దార్ నగర్ రోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

తెలుగు సినిమా మద్రాసులో ఎలా ఎదిగిందో, హైదరాబాద్‌కు ఎప్పుడు తరలిపోయిందో అందరికీ తెలిసిందే, అది వదిలేద్దాం. ఈ తగవు తలాతోకా తెలియాలంటే 2024 జనవరి దగ్గర ఆగాలి. ఒకే నెలలో రెండు సంగతులు జరిగాయి. రెండింటిలోనూ వాడింది ఏఐనే.

మొదటిది 'కీడాకోలా'. 2023 నవంబరులో విడుదలైన ఈ తెలుగు సినిమాలో బాలు గొంతును ఏఐతో తయారు చేసి వాడుకున్నారంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ నిర్మాతలకు, సంగీత దర్శకుడికి లీగల్ నోటీసు పంపారు. క్షమాపణ చెప్పాలని, కోటి రూపాయల పరిహారం ఇవ్వాలని, రాయల్టీలో వాటా కావాలని అడిగారు. నోటీసు మాట బయటికి రాగానే దాన్ని డబ్బు గొడవగా తేల్చేసినవాళ్లు చాలామందే. కానీ చరణ్ చెప్పింది వింటే సంగతి వేరు. టెక్నాలజీ వల్ల నాన్న గొంతు బతికి ఉంటుందంటే తమకు సంతోషమేనన్నారు. వ్యాపారానికి వాడుకుంటూ ఇంట్లోవాళ్లకు ఒక్క మాటైనా చెప్పకపోవడమేమిటన్నదే ఆయన బాధ. సంగీత దర్శకుడు ఒక ఇంటర్వ్యూలో మాట్లాడాక గానీ విషయం బయటపడలేదు. తండ్రి కొత్తగా పాడాడని కొడుక్కి ఇంటర్వ్యూ ద్వారా తెలియడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి వాడకాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు అభిమానంతోనే చేశామంటారు. అభిమానం లేదని ఎవరన్నారు?

రెండోది ఏఆర్ రెహమాన్ పాట. తమిళ సినిమా 'లాల్ సలామ్' కోసం ఆయన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఏఐతో తెచ్చారు. బాక్యా 2022లో పోయారు, హమీద్ 1990ల చివర్లోనే. ఇద్దరి కుటుంబాలనూ అడిగి, తగిన పారితోషికం పంపాకే చేశానని రెహమాన్ ప్రకటించారు. ఆ పాట మీదా విమర్శలు రాకపోలేదు. చనిపోయినవాళ్లతో పాడించడమేమిటని ముఖం చిట్లించినవాళ్లున్నారు. అయినా నోటీసు దాకా వెళ్లలేదు. 'అచ్చం ఆయనలాగే ఉందా' అన్న చర్చ 'ఎవరిని అడిగారు' దగ్గరికి మళ్లింది ఇక్కడే. ఆ తర్వాత జరిగినదంతా దీనికి కొనసాగింపేనని నా లెక్క.

ఏఐ గొంతులను వెనకేసుకొచ్చేవాళ్ల దగ్గర ఒక గట్టి వాదన ఉంది, దాన్ని దాటెయ్యడం కుదరదు. సినిమాలో గొంతు ఎప్పుడు నిజమైంది గనక అంటారు వాళ్లు. సుమన్, రాజశేఖర్ తెర మీద గర్జించిన రోజుల్లో ఆ గర్జన చాలావరకు సాయికుమార్‌ది. 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడిగా సుమన్ కనిపిస్తే వినిపించింది బాలు. తమిళం నుంచి వచ్చిన కమల్ హాసన్‌కు తెలుగులో ఎన్నో ఏళ్లు బాలుదే గొంతు. 'దశావతారం'లోనైతే ఏకంగా ఏడు పాత్రలకు ఆయనే మాట్లాడారు. పాటల్లోనూ అంతే. అల్లు రామలింగయ్యకు పాడితే అల్లు గొంతే వినిపించేది. ఇన్ని గొంతులు మార్చిన మనిషి గొంతు గురించి ఇప్పుడీ పట్టింపేమిటన్నది వాళ్ల ప్రశ్న.

దీనికి జవాబు డబ్బింగ్ థియేటర్‌లోనే ఉంది. చెన్నైలో స్టూడియోలున్న వడపళని, సాలిగ్రామం వైపు లూప్ సిస్టమ్ రోజులు చూసినవాళ్లను కదిపితే చెబుతారు. సీను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి చుట్టలా తిప్పేవారు. తెర మీద అదే డైలాగు మళ్లీ మళ్లీ వచ్చేది. చేతిలో కాగితం, ఎదురుగా మైకు, చెవిలో వేరే భాష. తెర మీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి, లేకపోతే మాట తేలిపోతుంది. నటుడు ఊపిరి తీసిన చోటే తనూ తీయాలి. ఇంత అబద్ధమూ ఒక మనిషి మైకు ముందు నిలబడి, ఒప్పుకుని, డబ్బు తీసుకుని ఆడినదే. నచ్చకపోతే రానని చెప్పే వీలు ఆయనకుంది. చూసేవాళ్లకూ సంగతి తెలుసు, తెలిసే చప్పట్లు కొట్టారు.

కోర్టులు ఏమంటున్నాయంటే, కథ కొంచెం వెనక్కి వెళ్లాలి. 2015లో రజనీకాంత్ తన పేరు, తీరు వాడుకున్న ఒక హిందీ సినిమా మీద మద్రాసు హైకోర్టులో నెగ్గారు. ఆయన బతికున్న మనిషి. 2021 ఏప్రిల్‌లో అదే హైకోర్టు జయలలిత మేనకోడలు దీప కేసులో ఇంకోలా చెప్పింది. జయ జీవితం మీద తీస్తున్న సినిమాను, వెబ్ సిరీస్‌ను ఆపాలని ఆమె కోరితే, మనిషి సంపాదించుకున్న ప్రైవసీ, పేరుప్రతిష్ఠలు మనిషితోనే పోతాయని, వారసులకు రావని తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో జయ ఉన్న పోయెస్ గార్డెన్ ఇంటి తాళాలు మాత్రం దీప, మేనల్లుడు దీపక్‌ల చేతికి వచ్చాయి. ఇల్లు వారసత్వం కింద వస్తుంది, పేరు రాదు. మరి గొంతు?

కాపీరైటు చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. గాయకుడు పాడిన పాట మీద ఆయనకు యాభై ఏళ్ల హక్కు ఇస్తుంది. అసలు పాడనే లేదంటే? పాడిన పాటకే గానీ గొంతులోని జీరకు ఆ చట్టంలో చోటు లేదు. 2024 జులైలో అరిజిత్ సింగ్‌కు, 2025లో ఆశా భోస్లేకు బొంబాయి హైకోర్టు ఏఐ నకళ్ల మీద ఊరటనిచ్చింది. కోర్టుకెళ్లే నాటికి ఇద్దరూ బతికున్నవాళ్లే. కాలిఫోర్నియాలో 2024లోనే చనిపోయిన కళాకారుల నకళ్లకు వారసుల అనుమతి తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. మన కేంద్రం 2025 అక్టోబరులో తెచ్చిన ముసాయిదా ఏఐ సరుకుకు లేబుల్ తగిలించమంది. లేబుల్ చూస్తే అది ఏఐ అని తెలుస్తుంది, ఎవరినైనా అడిగారో లేదో తెలియదు.

బాలు గొంతయితే చిన్నపిల్లాడు కూడా పోల్చుకుంటాడు, నోటీసు పంపడానికి కొడుకూ ఉన్నాడు. సాలిగ్రామంలో హీరోయిన్ తల్లికో, పక్కింటి మామయ్యకో డబ్బింగ్ చెప్పి, ఆ రోజు పేమెంటు తీసుకుని సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్ల గొంతులు కూడా ఆ సినిమాల టేపుల్లో ఉన్నాయి. టైటిల్స్‌లో పేరు పడనివాళ్లు ఆ గొంతు తమదని ఏం చూపించి రుజువు చేయాలి?