కండోమ్‌పై పాత అనుమానం: 2001 నివేదికతో మొదలైన రగడ

కండోమ్ వాడినా సుఖవ్యాధులు ఆగవన్న వాదన మళ్లీ తెర మీదికొచ్చింది. రబ్బరు తొడుగు ఎప్పుడు పుట్టిందో, ఎయిడ్స్ భయంతో దాని ప్రచారం ఎలా ఊపందుకుందో చాలామందికి తెలిసిందే. ఇప్పటి గొడవ మూలం మాత్రం 2001 జులైలో అమెరికాలో వెలువడిన ఒక నివేదికలో ఉంది.

అంతకు ఏడాది ముందు, 2000 జూన్‌లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణులను కూర్చోబెట్టి అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడపోయించాయి. హెచ్‌ఐవీ నుంచీ, మగవారికి సోకే గనేరియా (సెగవ్యాధి) నుంచీ కండోమ్ రక్షణ ఇస్తుందని నిపుణులు తేల్చారు. మిగతా వ్యాధుల గురించి ఉన్న సమాచారంతో ఏదీ చెప్పలేమన్నారు. ప్రతిసారీ వాడారా, అప్పుడప్పుడూ మానేశారా అన్నది కూడా చాలా అధ్యయనాల్లో సరిగా నమోదు కాలేదు మరి. ఏమీ తేలకపోవడాన్ని కండోమ్ పనికొస్తుందనడానికి గానీ, పనికిరాదనడానికి గానీ రుజువుగా తీసుకోవద్దని నివేదికలోనే స్పష్టంగా రాశారు.

ఆ హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. ఈ సమీక్ష జరగాలని పట్టుబట్టిన మాజీ చట్టసభ సభ్యుడు, వైద్యుడు టామ్ కోబర్న్, ప్రభుత్వం ఇన్నేళ్లూ అబద్ధం ప్రచారం చేసిందన్నారు. పెళ్లిదాకా ఆగడమే మార్గమనే వర్గాలు ఆయనకు వంతపాడాయి. వారి మాటలో కొంత నిజం లేకపోలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్ హెచ్‌పీవీ, మర్మాంగాల మీద పొక్కులు తెచ్చే హెర్పిస్ చర్మం తగిలినా అంటుకుంటాయి. కండోమ్ కప్పని చోట రక్షణ ఉండదు. అంతమాత్రాన అసలు పనిచేయదనడం అన్యాయం.

సరైన జవాబు రావడానికి ఐదేళ్లు పట్టింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, అప్పుడప్పుడే లైంగిక జీవితం మొదలైన 82 మంది విద్యార్థినుల వివరాలను విశ్లేషించి 2006లో ఫలితాలు ప్రచురించారు. రెండు వారాలకోసారి వారిచేత ఎలక్ట్రానిక్ డైరీలో కండోమ్ వాడకం వివరాలు రాయించారు. నాలుగు నెలలకోసారి హెచ్‌పీవీ పరీక్షలు చేశారు. భాగస్వామి ప్రతిసారీ కండోమ్ వాడినవారిలో, దాదాపు వాడనివారితో పోలిస్తే, కొత్తగా హెచ్‌పీవీ సోకడం 70 శాతం తక్కువ. అంతేకాదు, ప్రతిసారీ వాడినవారిలో గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ముందు కనిపించే మార్పులు ఒక్కరిలోనూ రాలేదు. 2001లో నిపుణుల చేతిలో లేనిది సరిగ్గా ఇలాంటి సమాచారమే. అయినా ఈనాటికీ పాత నివేదికనే పట్టుకు వేలాడుతున్నారు.

గర్భనిరోధం లెక్కను కూడా ఇందులో కలిపేస్తున్నారు. కండోమ్‌నే నమ్ముకున్న 100 మంది మహిళల్లో ఏడాదిలో 13 మంది గర్భం దాలుస్తారన్నది నిజమే. కానీ అది మామూలు వాడకం లెక్క. ఆ రోజుకి వాడకుండా ఊరుకున్నవారూ, ఆలస్యంగా తొడిగినవారూ అందులోనే ఉన్నారు. ప్రతిసారీ, సరిగ్గా వాడితే ఆ సంఖ్య 2. సరిగ్గా వాడటమంటే దానికి నూనె తగలనివ్వకపోవడం కూడా. కండోమ్ తయారయ్యే రబ్బరు, అంటే లేటెక్స్ మీద నూనె రాస్తే ఏమవుతుందో 1989లోనే ప్రయోగం చేసి చూశారు. మినరల్ ఆయిల్ తగిలిన 60 సెకన్లకే దాని బలం దాదాపు 90 శాతం పడిపోయింది. నీటి ఆధారిత జెల్ వాడమనేది అందుకే.

గర్భనిరోధక మాత్రలు, గర్భాశయంలో అమర్చే లూప్ గర్భాన్ని ఇంతకంటే గట్టిగా ఆపుతాయి గానీ, హెచ్‌ఐవీనీ గనేరియానీ ఆపలేవు. రెండు భయాలూ ఉన్నవారిని వాటితో పాటు కండోమ్ కూడా వాడమని వైద్యులు చెబుతున్నది ఈ కారణంతోనే.