ఎండాకాలం అడవిలో ఏముంటుంది? వేసవి ఇంటర్న్‌షిప్పులపై అపోహలు, వాస్తవాలు

నల్లమల, శేషాచలం కొండల్లో చెట్లపై పరిశోధన చేసే మాలాంటివాళ్లకు ఏటా సంక్రాంతి దాటగానే విద్యార్థుల ఉత్తరాలు రావడం మొదలవుతుంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలు వేసవి సెలవుల్లో ఫీల్డుకు వస్తామంటే నాకు నిజంగా సంతోషం. అయితే ఆ ఉత్తరాల్లోనూ, వాళ్ల అధ్యాపకుల మాటల్లోనూ కొన్ని అపోహలు ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తున్నాయి.

అపోహ: ఎండాకాలంలో అడవి చచ్చినట్టుంటుంది, చూడడానికి ఏమీ ఉండదు.

మన ఆకురాల్చే అడవుల్లో ఏడాది మొత్తంలో ముఖ్యమైన ఘట్టాలు కొన్ని జరిగేది అప్పుడే. తునికాకు కోత ఏప్రిల్, మే నెలల్లోనే ఎందుకు సాగుతుందో ఆలోచించండి. వాన చుక్క పడకముందే, ఎండలు మండుతున్నప్పుడే తునికి లేత ఆకు వేస్తుంది. ఆకులు రాల్చేశాక చెట్టు నుంచి నీరు ఆవిరై పోవడం బాగా తగ్గుతుంది. కాండంలో మిగిలిన నీరు, లోతు వేళ్లు అందుకునే తేమ కొత్త చిగురుకు పనికొస్తాయి. ఇప్ప, మోదుగ, కొండగోగు ఆకుల్లేని కొమ్మల మీద పూస్తాయి. రేల చెట్టు మే నెలలో పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. ఏ జాతి ఏ వారంలో చిగురించింది, ఎప్పుడు పూసింది అని రాసిపెట్టడం ఒక పూర్తి పరిశోధనాంశం. వాతావరణం మారుతున్న కొద్దీ ఆ తేదీల విలువ పెరుగుతోంది.

గడ్డిజాతులు, చిన్న మొక్కల మీద ఆసక్తి ఉన్నవాళ్లు మాత్రం వేసవిలో రావద్దు. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య రండి.

అపోహ: టేపు చుట్టి కొలవడం కూలిపని, అసలు పరిశోధన ల్యాబులో జరుగుతుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున తీస్తాం. వాలులో ఉన్న చెట్టుకు ఆ ఎత్తును వాలు ఎగువ వైపున్న నేల నుంచి లెక్కిస్తాం. టేపు ఏటవాలుగా పడితే చుట్టుకొలత ఎక్కువ చూపిస్తుంది. పొడి అడవుల్లో చాలా చెట్ల కాండం వ్యాసం ఏడాదికి పెరిగేది కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి, టేపు జారినందువల్ల వచ్చే తప్పు ఆ చెట్టు రెండు మూడేళ్ల ఎదుగుదలను మింగేయగలదు. పైగా ఎండలకు కాండం కాస్త కుంచించుకుపోయి, వానలకు ఉబ్బుతుంది. ఒకసారి మేలో, మరోసారి సెప్టెంబరులో కొలిస్తే ఆ ఉబ్బునే ఎదుగుదల అనుకుంటాం. అందుకే మళ్లీ కొలిచేటప్పుడు అదే నెలల్లో, కాండం మీద వేసిన అదే గీత దగ్గర కొలవాలి.

తమిళనాడులోని ముదుమలై అడవిలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో 50 హెక్టార్ల ప్లాటు, అంటే చెట్లను లెక్కపెట్టి కొలవడానికి హద్దులు గుర్తించిన స్థలం, ఏర్పాటు చేసింది. అందులో ఒక సెంటీమీటరు వ్యాసం మించిన ప్రతి కాండానికీ నంబరు ఉంది. ఏ చెట్టు చనిపోయింది, ఏది కొత్తగా లెక్కలోకి వచ్చింది అని ఏటా చూస్తారు. కార్చిచ్చు, కరవు ఆ అడవిని ఎలా మారుస్తున్నాయో తెలిసిందంటే, దశాబ్దాలుగా ఎందరో టేపు సరిగ్గా పట్టుకోబట్టే. విద్యార్థి తీసిన కొలత కూడా అలాంటి పట్టికలోకే చేరుతుంది. పదేళ్ల తర్వాత ఆ చెట్టు ముందు నిలబడేవారు దాన్నే నమ్ముకుంటారు.

అపోహ: శాస్త్రీయ నామాలన్నీ ముందే వచ్చి ఉండాలి. లేదంటే ఫోనులో యాప్ ఉంటే చాలు.

రెండూ కావు. ఆకుల్లేని చెట్టు ముందు యాప్ చాలాసార్లు తడబడుతుంది. బెరడు చూడడం నేర్చుకోవాలి. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. చిరుమాను నునుపుగా, లేత బూడిద రంగులో ఉంటుంది. తపసి తెల్లగా, పొరలు పొరలుగా ఊడుతుంది. రాలిన ఎండుకాయలు కూడా ఏరి చూడండి. మాతో నడిచే చెంచు పెద్దలు చాలా చెట్లను దూరం నుంచే గుర్తుపడతారు. వాళ్లను దారి చూపేవాళ్లుగానే చూడకండి. వాళ్లు చెప్పిన పేరును నోటు పుస్తకంలో విన్నది విన్నట్టు రాయండి, వాళ్ల పనికి సరైన కూలి అందుతోందో లేదో అడిగి తెలుసుకోండి.

అపోహ: దట్టంగా, బాగున్న చోట ప్లాటు వేస్తే మంచి ఫలితం వస్తుంది.

అలా చేస్తే మీకు నచ్చిన చోటు గురించే తెలుస్తుంది, అడవి గురించి కాదు. ప్లాటు స్థానాన్ని యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుకుంటాం. అది లంటానా పొదల్లో పడినా అక్కడే కొలవాలి. ఒక్క చెట్టూ లేకపోతే సున్నా అని రాయాలి, గడి ఖాళీగా వదిలేయకూడదు.

అపోహ: రెండు నెలల్లో పరిశోధన పత్రం వచ్చేయాలి.

రాదు. శుభ్రంగా నింపిన పట్టిక, ఒక చిన్న నివేదిక వస్తే చాలా మంచి వేసవి అది.

అపోహ: ఫోటోలు పెట్టడంలో తప్పేముంది?

ఎర్రచందనం సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని కోసం దొంగలు తిరుగుతున్నారని మన రాష్ట్రంలో అందరికీ తెలుసు. పెద్ద చెట్టు ఫోటో లొకేషన్‌తో సహా బయటికి వెళ్తే ఆ చెట్టుకు మీరే ముప్పు తెచ్చినవారవుతారు. నా విద్యార్థులకు మొదటి రోజే ఈ నియమం చెబుతాను, ఇందులో సడలింపు లేదు.

అపోహ: ఏప్రిల్‌లో అడిగితే మేలో చేరిపోవచ్చు.

అభయారణ్యాల్లో, పులుల అభయారణ్యాల్లో పరిశోధనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి, దానికి నెలలు పడుతుంది. మూడు జాతీయ విజ్ఞాన అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్పులకు దరఖాస్తులు అంతకుముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు.

అపోహ: ఆడపిల్లలకు ఇది కుదరదు.

కుదురుతుంది, కుదురుతోంది కూడా. అయినా తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయను. చేరే ముందు అబ్బాయిలైనా, అమ్మాయిలైనా బృందం పెద్దను ఇవి అడగండి: బస ఎక్కడ? మరుగుదొడ్డి, తలుపుకు గడియ ఉన్నాయా? ఫీల్డులో ఎవరినైనా ఒంటరిగా పంపుతారా? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, అక్కడికి వెళ్లే బండి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందా? ఇబ్బంది వస్తే బృందం పెద్దకు కాకుండా ఇంకెవరికి చెప్పుకోవచ్చు? సూటిగా జవాబు రాకపోతే ఆ అవకాశం ఎంత పేరున్న చోటిదైనా వదులుకోండి.