చందూ, ఆ జెర్సీ తీసేయక్కర్లేదు

చి. చందుకి, హర్షకి, మైథిలికి,

తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చి మీరు వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది. కనుమ నాటి రాత్రి జరిగిన గొడవ మాత్రం నా మనసులో అలాగే ఉంది. చందూ, డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియంలో ఫుట్‌బాల్ ఆటగాడు మెస్సీని చూసిన సంగతి నువ్వు చెబుతుంటే హర్ష మధ్యలో అందుకుని, "మీ మెస్సీ పన్ను ఎగ్గొట్టి శిక్ష పడ్డవాడే కదా" అన్నాడు. నువ్వు "అంతా ఫేక్" అని అరిచి, గారెల పళ్ళెం పక్కకు నెట్టేసి డాబా మీదికి వెళ్ళిపోయావు. కాసేపటికి మైథిలి నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "తాతయ్యా, అది నిజమైతే అన్నయ్య ఆ మెస్సీ జెర్సీ తీసేయాలా?" ముప్ఫై ఏళ్ళు పన్నుల ఆఫీసులో పనిచేశాను, ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

చందూ, హర్ష చెప్పింది ఫేక్ కాదు. 2016 జూలై 6న బార్సిలోనా కోర్టు మెస్సీకీ, వాళ్ళ నాన్న హోర్హే మెస్సీకీ చెరి 21 నెలల జైలు శిక్ష వేసింది. 2007, 2008, 2009 సంవత్సరాల్లో కట్టాల్సిన 41 లక్షల యూరోల పన్ను ఎగ్గొట్టారన్నది కేసు. అప్పటి లెక్కన మన డబ్బులో 30 కోట్లు. మరుసటి ఏడు మే నెలలో స్పెయిన్ సుప్రీంకోర్టు కూడా మెస్సీ శిక్షను ఖాయం చేసింది, తండ్రి శిక్షను 15 నెలలకు తగ్గించింది. జైలుకు మాత్రం ఇద్దరూ వెళ్ళలేదు. అక్కడ మొదటి తప్పుకు రెండేళ్ళ లోపు శిక్ష పడితే మామూలుగా జైల్లో పెట్టరు. చివరికి 21 నెలలకూ రోజుకు 400 యూరోల చొప్పున లెక్కగట్టి, జైలుకు బదులు 2,52,000 యూరోల జరిమానా కట్టించుకున్నారు. ఎగ్గొట్టిన పన్నును వడ్డీతో సహా 2013లోనే కట్టేశారు. ఇది కూడా నిజమే, హర్షా. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

అసలు ఎలా ఎగ్గొట్టారు? ఆటగాడికి క్లబ్బు ఇచ్చే జీతం ఒకటి. అతని మొహాన్ని, పేరును ప్రకటనల్లో వాడుకున్నందుకు అడిడాస్, పెప్సీ లాంటి కంపెనీలు ఇచ్చే డబ్బు ఇంకొకటి. ఈ రెండో డబ్బు మీద హక్కును కాగితాల మీద బెలీజ్, ఉరుగ్వే దేశాల్లోని కంపెనీలకు రాసిచ్చారు. డబ్బు అటు పోయేది. మనిషి ఉండేదీ ఆడేదీ బార్సిలోనాలో, మొహం కనిపించేది ఆ ఊరి హోర్డింగుల మీద. కానీ ఆ ఆదాయం స్పెయిన్ పన్ను లెక్కల్లో కనిపించేది కాదు.

2016 జూన్ 2న మెస్సీ కోర్టులో నిలబడి, తనకు ఫుట్‌బాల్ తప్ప ఏమీ తెలియదని, నాన్ననూ లాయర్లనూ నమ్మి సంతకాలు పెట్టానని చెప్పాడు. ఈ మాట నేను పూర్తిగా కొట్టిపారేయను. పదమూడేళ్ళ వయసులో, ఎదుగుదల లోపంతో రోజూ ఇంజెక్షన్లు చేయించుకునే పిల్లాణ్ణి అర్జెంటీనాలోని రొసారియో నుంచి సముద్రాలు దాటించి బార్సిలోనాకు తెచ్చింది ఆ తండ్రే. అలాంటి నాన్న కాగితం ముందు పెడితే చదివి సంతకం పెట్టే కొడుకులు ఎంతమంది? కేసు నడిపిన ప్రాసిక్యూటర్ కూడా కొడుకును వదిలేసి తండ్రిని మాత్రమే శిక్షించమని అడిగారు. పన్నుల శాఖ వైపు వాదించిన ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకోలేదు. న్యాయమూర్తులూ ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలంటే నాకు మా ఆఫీసు గుర్తొస్తుంది. ఒక బట్టల కొట్టు యజమాని పద్దు పుస్తకాలు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. ఏ అంకె అడిగినా, "నాకేం తెలియదండీ, అంతా మా గుమాస్తా చూసుకుంటాడు" అనేవాడు. అదే మనిషికి ఏ చీర ఎంతకు కొన్నాడో, ఎంతకు అమ్మాడో నోటికి వచ్చు. ఒకరోజు మా ఆఫీసరు గుమాస్తాను బయట కూర్చోమని, ఆయన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచారు. పుస్తకం తెరిచి, పేజీ అడుగున వేలు పెట్టి, "ఈ సంతకం ఎవరిది?" అని అడిగారు. ఆయన కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చాలాసేపు ఆ సంతకం వంకే చూశాడు. "నాదేనండీ" అన్నాడు చివరికి, వినీ వినబడనట్టు.

తెలియకపోవడం వేరు, తెలుసుకోకుండా ఉండిపోవడం వేరు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. అంత సంపాదించే మనిషికి పన్ను కట్టాలన్న సంగతి తెలియదంటే నమ్మలేమంది స్పెయిన్ సుప్రీంకోర్టు. ఆ బట్టల కొట్టాయన్ని నేను చెడ్డవాడని ఎప్పుడూ అనుకోలేదు. పండక్కి మా వీధి పిల్లలకు ఉచితంగా బట్టలిచ్చేవాడు. ఆ సంతకం మాత్రం ఆయనదే.

ఇక అభిమానుల సంగతి. మెస్సీ కోర్టుకు వచ్చినప్పుడు బయట జేజేలు కొట్టినవాళ్ళున్నారు, "దొంగ" అని అరిచినవాళ్ళూ ఉన్నారు. తీర్పు వచ్చిన మూడు రోజులకు, అప్పుడు అతను ఆడుతున్న బార్సిలోనా క్లబ్బే ఒక ప్రచారం మొదలుపెట్టింది. "మనమందరం లియో మెస్సీలమే" అన్నది దాని నినాదం. రెండు అరచేతులూ తెరిచి ఫోటో తీసుకుని పెట్టమని అభిమానులను అడిగింది. పది వేళ్ళంటే మెస్సీ పదో నంబరన్నమాట. మెస్సీ మీద దాడి చేయడమంటే బార్సా (బార్సిలోనా క్లబ్) మీదా, బార్సా చరిత్ర మీదా దాడి చేయడమేనని క్లబ్ అధ్యక్షుడు బార్తొమేవు రాశాడు.

పిల్లలూ, నాకు బాధ కలిగించేది ఈ ప్రచారమే. మెస్సీ చేసిన తప్పుకన్నా ఎక్కువ బాధ కలిగించింది. అంతకు ముందు నెలలోనే అతను కోపా అమెరికా అనే దేశాల పోటీ ఫైనల్లో పెనాల్టీ కిక్ పోగొట్టి, ఇక దేశానికి ఆడనని చెప్పి ఉన్నాడు. కుంగిపోయిన మనిషికి "నీ వెంట మేమున్నాం" అని చెప్పాలనిపించడంలో తప్పు లేదు. చెప్పాల్సిందే. కానీ "నీ వెంట మేమున్నాం" అనడానికీ, "నువ్వు చేసిందాంట్లో తప్పేమీ లేదు" అనడానికీ చాలా దూరం ఉంది. బార్సిలోనా స్టేడియంలో కూర్చుని మెస్సీ పేరు పలవరించే జనంలో బస్సు డ్రైవర్లున్నారు, నర్సులున్నారు, బడి పంతుళ్ళున్నారు. వాళ్ళ పన్ను జీతం చేతికి రాకముందే కోసేస్తారు. వాళ్ళకు బెలీజ్‌లో కంపెనీ లేదు. ఈ కేసు మొదలైన 2013లో స్పెయిన్‌లో పని కావాలనుకున్న ప్రతి నలుగురిలో ఒకరికి పని దొరకలేదు, ప్రభుత్వం ఆస్పత్రులకూ బడులకూ ఖర్చు తగ్గించేసింది. అలాంటి చోట అరచేతులు చూపించి "మనమందరం మెస్సీలమే" అనమంటే ఎలా? స్పెయిన్‌లో చాలామంది మండిపడ్డారు. వాళ్ళ కోపం న్యాయమైనదేనని నా నమ్మకం.

మన దగ్గరా చూస్తూనే ఉన్నాం కదా. అభిమాన హీరో మీద కేసు అనగానే, అది ఏ కేసో, అవతల నష్టపోయింది ఎవరో అడక్కుండానే కోర్టు దగ్గర గుమిగూడతారు. పూలు చల్లుతారు. ఆ గుంపులో నష్టపోయినవాళ్ళ తరఫు మనిషి ఒక్కడు నిలబడి ఉంటే అతనికి ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించరు. నాకు అదే కష్టంగా ఉంటుంది.

హర్షా, ఇప్పుడు నీ వంతు. నువ్వు చెప్పింది నిజం. కానీ చెప్పినప్పుడు నీ మొహంలో సంతోషం ఉంది. అది నాకు నచ్చలేదు. ఎందుకంటే మూడేళ్ళు తిరక్కుండానే నీ అభిమాన ఆటగాడు రొనాల్డో కూడా అలాంటి కేసులోనే కోర్టుకు వచ్చాడు. 2019 జనవరి 22, మాడ్రిడ్. కెమెరాల కంట పడకుండా కారులో లోపలికి వెళ్ళనివ్వమని అడిగితే కోర్టు కుదరదంది. అందరిలాగే మెట్లెక్కి వెళ్ళాడు. తప్పు ఒప్పుకున్నాడు. 23 నెలల శిక్ష జైలుకు వెళ్ళక్కర్లేకుండా, కోటీ 88 లక్షల యూరోలు కట్టేలా ఒప్పందం జరిగింది. బయట నవ్వుతూ ఆటోగ్రాఫులు ఇచ్చాడు. మెస్సీని దొంగ అన్న నోళ్ళలో ఎన్ని ఆరోజు అదే మాట అన్నాయి? చందూ, నువ్వు కూడా ఇది చదివి ఇప్పుడు హర్ష మీదికి వెళ్ళకు. మీరిద్దరూ లెక్క చూస్తున్నది తప్పు ఎంతని కాదు, ఎవరిదని.

మైథిలీ, నీ ప్రశ్నకు వస్తాను. జెర్సీ తీసేయక్కర్లేదమ్మా. అతని ఆట చూసి మీ అన్నయ్య పొందిన ఆనందం అబద్ధం కాదు. ఎవరైనా కేసు గురించి అడిగితే, "అవును, పన్ను ఎగ్గొట్టాడు, శిక్ష పడింది, కట్టాడు" అని తల దించుకోకుండా, గొంతు పెంచకుండా చెప్పగలిగితే చాలు. అన్ని తప్పులూ ఇలాంటివి కావు. ఆటగాడు ఒక మనిషిని గాయపరిచాడనుకో, ఎవరి బతుకైనా పాడుచేశాడనుకో, అప్పుడు జెర్సీ తీసేయాలనిపిస్తే తీసేయాలి. నేనైతే తీసేస్తాను.

చందూ, ఆ జెర్సీని నువ్వు మా దండెం మీదే మరిచిపోయావు. అమ్మమ్మ ఉతికి నీడన ఆరేసింది. వీపు మీది పదో నంబరు అంచు కొంచెం లేచింది, ఇస్త్రీపెట్టె తగలనివ్వలేదు. ఈ ఉత్తరం దాని మడతలోనే పెట్టి పార్సిల్ చేస్తున్నాను.

ఉప్పల్ కథ ఆ రాత్రి సగంలో ఆపేశావు. అతను మైదానంలోకి వచ్చాడన్న చోట ఆగిపోయింది. ఆదివారం ఫోన్ చేసి మిగతాది చెప్పు. హర్షను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

మీ తాతయ్య