పాత ట్రాక్టరులో డీజిల్ లీకులు: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్ల ట్రాక్టర్లకు మరమ్మతులు చేస్తూ నాకు ఇరవై ఏళ్లు దాటాయి. "డీజిల్ కారుతోంది, ఆ బోల్టు కాస్త బిగించి పంపించు" అన్న మాటతోనే చాలా పాత బండ్లు మా షెడ్డుకు వస్తాయి. బోల్టు బిగిస్తే పోయే లీకులు లేకపోలేదు కానీ, అటువంటివాటిని రైతులు ఇంటి దగ్గరే బిగించుకుంటారు కనుక మా దాకా వచ్చేవన్నీ మిగిలిన రకానివే. వాటి విషయంలో తరచుగా వినే అపోహలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తడి ఎక్కడ కనిపిస్తే లీకు అక్కడే ఉంటుంది.

వాస్తవం: డీజిల్ పైపుల వెంట, ఇంజనుకు డీజిల్‌ను ఒత్తిడితో అందించే పంపు ఒంటి వెంట పల్చగా పాకి, అన్నిటికంటే కిందనున్న బోల్టు కొన దగ్గర చుక్క కడుతుంది. కనుక చుక్క రాలే చోటు చాలాసార్లు లీకు ఉన్న చోటు కాదు. మొన్న దమ్ముల కాలంలో ఒక పాత మాసీ 1035 ట్రాక్టరు వచ్చింది. పంపు అడుగున చుక్క పడుతోందని అంతకుముందే వేరొక చోట పంపు దింపించి, సీళ్లన్నీ మార్పించి, వేలల్లో ఖర్చు పెట్టుకున్నా చుక్క ఆగలేదని ఆ రైతు వాపోయాడు. మేము ఫిల్టర్ల నుంచి పంపు దాకా బ్రష్షుతో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరును పల్చగా చల్లి ఇంజను నడిపాము. ఐదు నిమిషాలు గడిచేసరికి తెల్లటి పొడి మీద దారం మందాన ఒక చార కనిపించింది. అది రెండో ఫిల్టరు తలపైన, పైపు కొననున్న ఉంగరాన్ని (బాంజోను) బిగించే బాంజో బోల్టు దగ్గర మొదలై, పైపు వంపు తిరిగి, పంపు పక్కగా కిందికి దిగింది. పంపులో ఏ లోపమూ లేదు, నలిగిపోయిన రాగి వాషరు ఒక్కటే కారణం. లీకు వెతకడానికి ముందు కడగడానికి పట్టే అరగంటను దండగ అనుకునేవారు ఆ తరువాత రెండు రోజులు పోగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అపోహ: కారుతున్న చోట గట్టిగా బిగిస్తే ఆగిపోతుంది.

వాస్తవం: బాంజో బోల్టు చూడటానికి లావుగా ఉన్నా డీజిల్ పోవడానికి లోపల బోలుగా ఉంటుంది, పక్కన అడ్డంగా మరో రంధ్రం కూడా ఉంటుంది. పొడవాటి పానా వేసి లాగితే ఆ రంధ్రం దగ్గరే తెగుతుంది. అది తెగకపోతే, ఫిల్టరు తల సాధారణంగా అల్యూమినియంది కనుక దాని త్రెడ్లు కొట్టుకుపోతాయి. అసలు అక్కడ డీజిల్‌ను ఆపేది బిగింపు బలం కాదు, రాగి వాషరు మెత్తదనం. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి మళ్లీ సర్దుకోదు కాబట్టి విప్పిన ప్రతిసారీ కొత్త వాషర్లు, బోల్టు తల కింద ఒకటి, బాంజోకు అవతలి పక్క ఒకటి వేయాలి. పొలంలో చీకటి పడ్డాక కొత్తది దొరకకపోతే పాతదాన్నే ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో వేయవచ్చు. ఉక్కును అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మాత్రం మెత్తబడుతుంది. పైనున్న నల్లటి పొరను సన్న ఎమరీ కాగితంతో తీసి, మడత లేకుండా వేసుకుంటే ఆ రాత్రికి పని గడుస్తుంది.

అపోహ: బయట చుక్క కనిపించకపోతే లీకు లేనట్టే.

వాస్తవం: మమ్మల్ని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఈ రకమే. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ను లాగి ఫిల్టర్లకు పంపే చిన్న పంపు) దాకా ఉన్న దారిలో డీజిల్ నెట్టబడదు, పీల్చబడుతుంది. ట్యాంకు ఎత్తులో ఉండి నిండుగా ఉన్నప్పుడు ఆ బరువుకు అతుకుల దగ్గర కాస్త చెమ్మగిల్లవచ్చు గానీ, డీజిల్ అడుగుకు దిగాక అదే అతుకు చుక్క రాల్చడం మాని గాలి పీల్చుకుంటుంది. దానితో బండి ఉదయం స్టార్టయి నాలుగు నిమిషాలకు ఆగిపోతుంది, లేదా నాగలి లోతుగా దిగినప్పుడు ఊపిరాడనట్టు కొట్టుకుంటుంది. "ఎయిర్ పట్టింది" అని ఫిల్టరు స్క్రూ వదులు చేసి, చేతి లీవరు కొట్టి, బుడగలు పోయేదాకా గాలి తీస్తారు. మర్నాడు మళ్లీ అదే కథ. రోజూ గాలి తీయవలసి వస్తోందంటే అది ఎక్కడినుంచో రోజూ లోపలికి వస్తోందని అర్థం. ఫీడ్ పంపుకూ ఫిల్టరుకూ మధ్య కొద్దిసేపు పారదర్శకమైన గొట్టం ఒకటి తగిలించి చూస్తే బుడగలు కంటికే కనిపిస్తాయి. అప్పుడు ట్యాంకు వైపు నుంచి ఒక్కొక్క అతుకుకు దట్టంగా గ్రీజు పూస్తూ రావాలి. ఏ అతుకుకు పూసినప్పుడు బుడగలు ఆగుతాయో దోషం అక్కడుంటుంది. ఎక్కువసార్లు అది క్లిప్పు కింద ఎండి బీటలు వారిన రబ్బరు గొట్టం, లేదా డీజిల్‌లోని మట్టి, నీరు దిగే గిన్నె మీది గ్యాస్కెట్. గ్రీజు వెతకడానికే గానీ వైద్యానికి కాదు, దాన్నే మందుగా వదిలేసిన బండ్లు కూడా నేను చూశాను.

అపోహ: ఇంజను ఆయిల్ తగ్గడం లేదంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు.

వాస్తవం: తగ్గకపోతే మంచిదే, పెరిగితే మాత్రం ప్రమాదం. డయాఫ్రం ఉన్న ఫీడ్ పంపులో ఆ పొర చిరిగితే డీజిల్ నేల మీద ఒక్క చుక్క కూడా పడకుండా నేరుగా ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి దిగుతుంది. డీజిల్ పంపు రోటరీ రకందైతే దాని షాఫ్టు సీలు పోయినా ఇదే జరగవచ్చు. గేజి కడ్డీ తీసి వాసన చూడండి, వేళ్ల మధ్య రుద్దండి. ఆయిల్ నీళ్లలా జారుతూ డీజిల్ వాసన వస్తే బండిని అక్కడే ఆపాలి. పలచబడిన ఆయిల్ మీద నడిపితే బేరింగులు పోతాయి, డయాఫ్రం మార్పుతో పోయే ఖర్చు క్రాంకు షాఫ్టు పని దాకా వస్తుంది. డయాఫ్రం గానీ సీలు గానీ మార్చిన తరువాత ఆయిల్ కూడా మార్చాలని వేరే చెప్పవలసిన అవసరం ఉండకూడదు, కానీ చెప్పవలసి వస్తోంది.

అపోహ: టెఫ్లాన్ టేపు చుడితే ఏ లీకైనా ఆగుతుంది.

వాస్తవం: అది నీళ్ల పైపులకు మంచిది. ఇక్కడ చుట్టిన టేపు పోగులు ఊడి, ఫిల్టరు దాటిన చోటయితే నేరుగా పంపులోకి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిల్‌లోకి చేరతాయి. ట్యాంకు చిల్లుకు బట్టల సబ్బు రుద్దడం మాత్రం తెలివైన పాత చిట్కానే. సబ్బు డీజిల్‌లో కరగదు కనుక ఇల్లు చేరేదాకా నిలుస్తుంది, నీళ్లు తగిలితే పోతుంది.

అపోహ: డీజిల్ పెట్రోలు కాదు, అంటుకోదు.

వాస్తవం: మన దేశపు ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింటు (దాని ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే ఉష్ణోగ్రత) కనీసం 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. మన మే నెల మధ్యాహ్నం దాన్ని దాటే ఉంటుంది, ఇంజను పక్కన వేడి ఇంకా ఎక్కువ. చుట్టూ ఎండుగడ్డి ఉండగా సైలెన్సరు మొదట్లో డీజిల్ కారనివ్వడం ఎంత ప్రమాదమో ఊహించుకోవచ్చు. "ఖాళీ చేశాం" అని తెచ్చిన ట్యాంకు అయితే మరీ ప్రమాదం. అందులో మిగిలిన ఆవిరి నిప్పురవ్వకు పేలగలదు. మేము ట్యాంకు వెల్డింగు చేయము. కడిగి, ఆవిరి పట్టి, నీళ్లు నింపి పని చేసే అలవాటున్న వారికే పంపుతాము.

అపోహ: నాజిల్ పైపు లీకు వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది.

వాస్తవం: ఇది మాత్రం ఎన్నడూ చేయవద్దు. పంపు నుంచి నాజిల్ దాకా ఉన్న సన్నని ఇనుప పైపులో పీడనం వెనక టైరులోని గాలి పీడనానికి వంద రెట్లకు పైమాటే. కంటికి కనిపించని పగులు నుంచి వచ్చే చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత చుక్కే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు. లోపల మాత్రం డీజిల్ వేలి వెంట పాకి కండను చంపుతుంది. అలా జరిగితే పసుపు పెట్టి కూర్చోకుండా వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్లి, ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. లీకు చూడటానికి కళ్లద్దాలు పెట్టుకుని, దూరం నుంచి ఒక అట్టముక్కను పైపు పక్కన తిప్పితే చాలు, తడి మచ్చ పడుతుంది. మా షెడ్డులో ఆ పనికి ఫిల్టర్లు వచ్చిన డబ్బాల అట్టలు పారేయకుండా ఒక మేకుకు గుచ్చి ఉంచుతాము.