ధ్యానంలో ఉంటే చప్పుడు వినపడదా?

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ క్వారీల్లో బ్లాస్టింగ్ జరిగితే ఆ మోత చుట్టుపక్కల ఊళ్లకూ తెలుస్తుంది. ఆ సమయంలో ఓ ఇంట్లో ఎవరో కళ్లు మూసుకుని ధ్యానంలో ఉన్నారనుకుందాం. ఉలిక్కిపడతారా? మనసు నిలిస్తే పక్కన డప్పు కొట్టినా వినపడదని చాలామంది నమ్మకం. దీన్ని ప్రయోగశాలలో పరీక్షించి చూశారు.

కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు మెదడులో ఆల్ఫా తరంగాలు (నెమ్మదైన, లయబద్ధమైన విద్యుత్ తరంగాలు) కనిపిస్తాయి. ఏదైనా చప్పుడైతే చెదిరిపోతాయి. 1961లో ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన బి.కె. ఆనంద్ బృందం సమాధిలో ఉన్న యోగులకు పెద్ద శబ్దాలు వినిపిస్తే అవి చెదరలేదు. 1966లో జపాన్‌లో కసమత్సు, హిరాయ్ జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయపు గురువులను పరీక్షిస్తే ఫలితం దాదాపు తలకిందులైంది. ఒకే 'టిక్' శబ్దాన్ని పదేపదే వినిపిస్తే మామూలువాళ్ల మెదడు కాసేపటికే దాన్ని పట్టించుకోవడం మానేసింది. గురువుల మెదడు మాత్రం ప్రతిసారీ కొత్తగా విన్నట్టే స్పందించి, వెంటనే నెమ్మదించింది. యోగుల సాధన మనసును లోపలికి తిప్పేది, జెన్ సాధన వచ్చినదాన్ని రానిచ్చేది. అందుకే ఈ తేడా అనుకోవడానికి ఎంతో బావుంటుంది. కానీ ఆ శబ్ద పరీక్షలు కొద్దిమంది మీదే జరిగాయి. 1981లో బెకర్, షాపిరో మళ్లీ చేసి చూస్తే సాధకులకూ ఇతరులకూ తేడా కనిపించలేదు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది 2012లో లెవెన్సన్, ఎక్‌మన్ ప్రచురించిన అధ్యయనం. అదీ ఒక్క మనిషి మీదే జరిగింది. దాదాపు 40 ఏళ్ల సాధన ఉన్న బౌద్ధ భిక్షువుకు 115 డెసిబెళ్ల శబ్దం, సెకనులో పదో వంతు సేపు వినిపించారు. ముందు చెప్పకుండా వినిపిస్తే చాలావరకు తన వయసువాళ్లలాగే ఉలిక్కిపడ్డారు. ధ్యానంలో ఉన్నప్పుడు ఆ ఉలికిపాటు తగ్గింది. అందులోనూ ఒకేదానిమీద మనసు నిలిపినప్పటికంటే, దేనినీ పట్టుకోకుండా మెలకువగా ఉన్నప్పుడు ఇంకా తగ్గింది.

ఉలికిపాటు మెదడు కాండం, అంటే మెదడును వెన్నుపాముతో కలిపే భాగం, చేసే పని. మనం ఆలోచించేలోపే కన్ను మూసుకుపోతుంది, మెడ ముడుచుకుంటుంది. అంత వేగమైన ప్రతిచర్యను కూడా మనసు అప్పుడున్న స్థితి మెత్తబరచగలగడం నిజంగా అబ్బురం.

అయితే ధ్యానం చెవిని కాపాడదు. 85 డెసిబెళ్లు దాటిన మోతలో ఏళ్ల తరబడి పనిచేస్తే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు చచ్చిపోతాయి, మనిషికి అవి మళ్లీ పుట్టవు. మనసెంత నెమ్మదిగా ఉన్నా, క్వారీలో డ్రిల్లింగ్ చేసే కార్మికుడికి చెవి ప్లగ్గులు ఇచ్చి తీరాల్సిందే.